డాంబరు కట్టు కట్టిన బడిగంట

మొన్న జనగామలో చెవుల డాక్టరు ముందు కూర్చుని పకపకా నవ్వి ఆ పిల్లను హడలగొట్టాను. పిల్ల అంటే డాక్టరే. నా మనుమరాలి కంటే ఓ నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది, అంతే. ఇంట్లో గాజుల దుకాణానికి పోతున్నానని చెప్పి వచ్చాను. చెవులు వినపడటం లేదని ఒప్పుకోవాలంటే నాకు మహా నామోషీ. రెండేళ్ళుగా ఎవరేం చెప్పినా తలూపుతూ నెట్టుకొస్తున్నాను. నిజం చెప్పాలంటే, లోకంలో సగం మాటలకు తలూపితే సరిపోతుంది కూడా. ఆ పొద్దున ఆటో ఎక్కుతుంటే గేటు దగ్గర నిలబడి నా బిడ్డ ఏదో అన్నది. ఏదో తెమ్మని అయి ఉంటుందనుకుని అలవాటుగా తలూపి వచ్చేశాను.

డాక్టరమ్మ సొరుగులోంచి రెండు కొమ్ముల లోహపు కడ్డీ తీసింది. దాన్ని తన మోచేతికి తాటించి నా కుడి చెవి పక్కన పట్టుకుంది. "ఇనవడుతుందా అమ్మమ్మా?" అని అడిగిందని పెదవులను బట్టి తెలిసింది. నాకేమీ వినపడలేదు. అయినా తల ఊగబోయింది, నేనే దాన్ని ఆపుకున్నాను. అప్పుడామె కడ్డీ కాడను నా చెవి వెనక ఎముకకు ఆనించింది. గుంయ్‌మని పుర్రె నిండా మోగింది. అదే క్షణంలో నాలుక మీదికి తుప్పు పట్టిన ఇనుము రుచి వచ్చింది. అందుకే నవ్వాను.

"ఏమైందమ్మమ్మా? నొప్పి లేసిందా?" అని ఆ పిల్ల కంగారు పడింది.

"ఏం కాలే బిడ్డా. ఇంకోపారి పెట్టు," అన్నాను.

ఆ రుచి మా బడిగంటది. మా ఊరు జఫర్‌గఢ్ దిక్కు. నాలుగు గదుల బడి, ముందర ఒక వేపచెట్టు, దాని కొమ్మకు గొలుసుతో వేలాడే రెండు మూరల రైలు పట్టా ముక్క. మా ఊరికి రైలు లేదు, పట్టాలు అసలే లేవు. ఆ ముక్క ఎట్లా వచ్చిందనడానికి మూడు కథలుండేవి. జనగామ మార్కెట్టుకు పోయిన బండ్లవాళ్ళు పాత ఇనుము దుకాణంలో వడ్లిచ్చి కొన్నారని ఒకటి. ఎవరో పెళ్ళికొడుకు ఊరికి కానుకగా తెచ్చాడని ఇంకొకటి. మా అవ్వ చెప్పే మూడో కథలో అది మబ్బుల్లోంచి పడింది. నేను చాలా కాలం మూడోదే నమ్మాను.

ఆ గంట కొట్టే మనిషిని మేమంతా చాచా అనేవాళ్ళం. బడికి చప్రాసి ఆయన. అయితే సర్కారు పెట్టిన మనిషి కాదు, ఊరు పెట్టుకున్న మనిషి. గళ్ళ లుంగీ, తలకు రుమాలు, గడ్డం చివర ఎప్పుడూ టీ వాసన. భార్య పోయాక ఆయనకు బడే ఇల్లయింది. వరండా మూలన మూడు రాళ్ళ పొయ్యి మీద ఖిచిడీ వండుకునేవాడు. పక్కన చింతపండు ఖట్టా కలిపేటప్పుడు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వాసనకు మా లెక్కల పాఠం మొత్తం గాలికి పోయేది. ఊళ్ళో గడియారాలు మూడో నాలుగో ఉండేవి. మిగతా అందరికీ టైమంటే చాచా గంటే. కూలికి పోయే ఆడవాళ్ళు మొదటి గంటకు పొయ్యి మీది కుండ దించేవాళ్ళు, రెండో గంటకు కొడవలి చేతబట్టేవాళ్ళు.

నా జతగత్తె లంబాడీ తండా పిల్ల. తండా మా ఊరికి అర్ధ కోసు దూరంలో, చిన్న గుట్ట వాలు మీద ఉండేది. ఇంట్లో వాళ్ళ భాష, బళ్ళో మా భాష, చాచాతో ఉర్దూ ముక్కలు. నన్ను మూడు భాషల్లో తిట్టగలిగేది. ఒకరోజు రేగుపండ్లు తింటూ గింజ ఉమ్మి అన్నది.

"మీ గంట మా తండాకు నడిచొస్తది, ఎరుకేనా?"

"గంట నడుసుడేందే? పిచ్చా?"

"ఒట్టు. గుట్ట మీదికెల్లి చూస్తే చాచా చెయ్యి దిగేది కనవడుతది. సప్పుడేమో నేను అయిదు లెక్కవెట్టినంక వస్తది. తొవ్వల నడిచొస్తుంది గద, జర టైం పడుతది."

నేను నమ్మలేదు. పందెం కాశాం. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ సంచి వారం రోజులు మోయాలి. అప్పుడు శివరాత్రి దాటి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మరునాడు తెల్లవారగానే నేను తండాకు చేరాను. వాళ్ళమ్మ పొయ్యి మీంచి తీసిన జొన్నరొట్టె చేతిలో పెట్టి, మీద ఎల్లిపాయ కారం రాసింది. అది తింటూ గుట్ట మీద నిలబడ్డాం. దూరాన వేపచెట్టు కింద చాచా అగ్గిపుల్లంత కనిపించాడు. చెయ్యి పైకి లేచింది, కిందికి దిగింది. చప్పుడు లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. టంగ్!

నా నోట్లో రొట్టె అట్లాగే ఉండిపోయింది. రెండో గంటకు మేం పరుగెత్తి వాగు దాకా వచ్చాం. అక్కడ మూడు లెక్కపెట్టేసరికి వినపడింది. ప్రార్థన గంటకు బడి గేటు దగ్గరున్నాం. చెయ్యి దిగడం, చప్పుడు కావడం ఒకేసారి. పందెం ఓడాను, పైగా ఆలస్యమైనందుకు ఇద్దరం బెంచీ ఎక్కి నిలబడ్డాం. బెంచీ మీద కూడా అది నా వైపు చూసి వేళ్ళు అయిదు చూపించి నవ్వింది.

ఆ బడిలో మా ఇంకో ఆట ప్రార్థన లైన్లో ఉండేది. వెనక చివర నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళ వీపు మీద ఒక్క తోపు తోసేవాళ్ళు. ఆ తోపు ఒకరి నుంచి ఒకరికి పోయి, అందరికంటే ముందున్న చిన్నపిల్ల సార్ కాళ్ళ మీద పడేది. మధ్యలో వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడే కళ్ళు మూసుకుని దండం పెడుతూ ఉండేవాళ్ళు. దొంగ ఎవరో ఎప్పటికీ దొరికేది కాదు.

చాచాకు ఒక రహస్యముందని మేం కనిపెట్టింది కూడా అల్లరి వల్లనే. ఓసారి ఆయన వెనక నిలబడి, "చాచా, నీ లుంగీ ఊడుతున్నది!" అని గట్టిగా అరిచాం. ఆయన తిరగలేదు. మళ్ళీ అరిచాం. తీరిగ్గా గంట కొట్టి, అరచెయ్యి పట్టా మీద పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, అప్పుడు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి ఉలిక్కిపడ్డాడు. ప్రతి గంట తర్వాతా అట్లా చెయ్యి పెట్టడం మేం చూస్తూనే ఉన్నాం. ఏదో మొక్కు అనుకున్నాం.

"చాచా, నీకు ఇనవడయా?" అని నా దోస్తు సూటిగా అడిగింది. మా పెదవులు చూసి ఆయనకు అర్థమైంది.

ఆయన అటూ ఇటూ చూసి మమ్మల్ని చెట్టు వెనక్కి పిలిచాడు. నా రెండు చెవుల్లో నా వేళ్ళే పెట్టుకోమన్నాడు. గంట కొట్టే ఇనుప కడ్డీ ఒక కొసను నా పళ్ళ మధ్య పెట్టి, రెండో కొసను పట్టాకు ఆనించాడు. కంకరరాయి తీసి పట్టాను చిన్నగా తట్టాడు. గుంయ్! చెవులు మూసి ఉన్నాయి, అయినా నా తలకాయ మొత్తం గంటయింది. దవడలు, ముక్కు, నుదురు, అన్నీ వణికాయి.

"చిన్నగున్నప్పుడు చెవులల్ల చీము కారి పోయినయి బేటీ," అన్నాడు చాచా. "అల్లా చెవులు బంద్ జేసిండు గని పండ్లిచ్చిండు. చేతులిచ్చిండు. గంట మోగుతే చెయ్యికి వణుకు తెలుస్తది. అంతే చాలు నాకు."

"మరెందుకు చెప్పవు?"

"చెవిటోడు గంట గొడ్తున్నడంటే నవ్వుతరు. సార్లు పొమ్మంటరు. ఎవ్వలకు జెప్పకుండ్రి."

తలో బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. బెల్లం తిని ఒట్టు వేశాం.

ఆ ఎండాకాలమే కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, తెల్ల పంట్లాం, సైన్సు పాఠమంటే ప్రాణం. ఆయన మాట మాకు వింత, మా మాట ఆయనకు వింత. మేం "గిట్లెట్ల సార్" అంటే ఆయన మూతి బిగబట్టి నవ్వు ఆపుకునేవాడు. ఆయన "ఏవిటర్రా" అంటే మేం ఇంటికి పోయి వారం రోజులు "ఏవిటర్రా" అంటూ పెయ్యలను తోలేవాళ్ళం. చెడ్డవాడు కాదు. ఆయనకు తుప్పంటే పడదు, అంతే.

వచ్చిన నాలుగో రోజున వేపచెట్టు కింద నిలబడి గంటను పరీక్షగా చూశాడు. మేం కుండ దగ్గర నీళ్ళు తాగుతూ వింటున్నాం.

"ఏవిటయ్యా ఇది? గొలుసు దూర్చిన చిల్లు చూశావా? తుప్పు తినేసి రేకులా తయారైంది. రేపు ఏ పిల్ల నెత్తినో పడితే ఎవరిది పూచీ?"

చాచా నవ్వుతూ తలూపాడు. సార్ మొహం పైకెత్తి చిల్లునే చూస్తున్నాడు, పెదవులు కనబడటం లేదు.

"బడికి కరెంటు వచ్చింది కదా. సెలవుల్లోపు కరెంటు గంట పెట్టించేస్తాను. మీట నొక్కితే చాలు, మనిషితో పనుండదు. నువ్వు మీవాళ్ళ దగ్గరికి వెళ్ళి హాయిగా ఉండొచ్చు."

చాచా ఇంకా సంతోషంగా తలూపాడు. సార్ పోయాక మేం ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా మెల్లగా చెప్పాం. చాచా ఖిచిడీ గిన్నె పక్కన కూలబడ్డాడు.

"మానుకోటల తమ్ముని కొడుకున్నడు. ఆడికి పోవాలె ఇగ," అన్నాడు. "వానింట్ల నేను ఏం గొట్టాలె?"

ఆ మాట నాకు రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. తుప్పు పోతే సార్ ఊరుకుంటాడు, గంట ఉంటుంది, చాచా ఉంటాడు. లెక్క తేలికే. తుప్పు ఎట్లా పోతుందన్నదే కావాలి.

సరిగ్గా అప్పుడే మా ఊరికి రోడ్డు వేస్తున్నారు. డాంబరు కాగే వాసన ఊరంతా కమ్ముకుంది. పెద్దవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకేమో అది పండుగ వాసన. రోడ్డు పక్క ఒలికిన డాంబరు తెచ్చి గోళీలు చేసేవాళ్ళం. ఎండకు అవి మెత్తబడి లంగాలకు అంటుకునేవి. అవ్వ కిరసనాయిలు గుడ్డతో రుద్దుతూ, రుద్దుడు రుద్దుడుకో దెబ్బ వేసేది. కానీ ఆ డాంబరే అవ్వ కూడా ఏరుకొచ్చేది. కారే బొక్కెన ఏదున్నా సరే, పాత గుడ్డ పీలికలను కాగిన డాంబర్లో ముంచి పొర మీద పొర చుట్టేది.

"డాంబరు కట్టు వడ్డదంటే ఇగ నీ పెండ్లి దాక దీనికి ఢోకా లేదు," అని బొక్కెనను ముద్దుగా తట్టేది. ఊళ్ళో ప్రతి బొక్కెనకూ, ప్రతి గాబుకూ అట్లాంటి నల్లని కట్టొకటి ఉండేది.

తుప్పు పట్టిన బొక్కెన బతికినప్పుడు తుప్పు పట్టిన గంట బతకదా? నా దోస్తుకు చెబితే అది ఎగిరి గంతేసింది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, చాచా నమాజు చేసుకుని పడుకున్నాక బళ్ళోకి దూరాం. డబ్బాలో డాంబరు కాచి తెచ్చాను. నా దోస్తు వాళ్ళమ్మ పాత ఘాగ్రా గుడ్డ తెచ్చింది. అద్దాలన్నీ ఊడిపోయి ఒకే ఒక అద్దం బిళ్ళ మిగిలిన గుడ్డ. బల్ల వేసుకుని ఎక్కి ముందు చిల్లుకు కట్టు కట్టాం. డాంబరు ఇంకా ఉంది, గుడ్డ ఇంకా ఉంది. ఎందుకైనా మంచిదని పట్టా పొడుగునా చుట్టాం, రెండు పొరలు, మూడు పొరలు. కొట్టడానికి అరచెయ్యంత చోటు మాత్రం వదిలాం. నల్లగా నిగనిగలాడుతూ, మధ్యలో అద్దం మెరుస్తూ గంట పెళ్ళికూతురులా కనబడింది. చేతులు నడుముకు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాం. ఒక్కసారి కొట్టి చూద్దామన్న బుద్ధి మాత్రం ఇద్దరిలో ఎవరికీ పుట్టలేదు.

సోమవారం పొద్దున నేను అందరికంటే ముందు బడికి పోయాను. చాచా వచ్చి గంటను చూసి ఆగిపోయాడు. చుట్టూ ఒకసారి తిరిగి, అర్థం కాక, కడ్డీ ఎత్తి కొట్టాడు.

దప్.

తడి బొంత మీద కర్రతో కొట్టినట్టుంది. చాచా అరచెయ్యి పెట్టి చూశాడు. తీసి, లుంగీకి తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు. ఇంకో రెండు సార్లు కొట్టాడు. దప్, దప్.

"సచ్చింది బేటీ," అన్నాడు నాతో. "వణుకు లేదు. సచ్చింది."

ప్రార్థనకు పది పన్నెండు మంది కూడా లేరు. తండా నుంచి ఒక్క పిల్లా రాలేదు. సార్ చేతి గడియారం చూసుకుంటూ వచ్చాడు.

"గంట కొట్టావా లేదా? పిల్లలేరీ?"

చాచా తలూపాడు. సార్ విసుగ్గా కడ్డీ లాక్కుని తానే కొట్టాడు. దప్. దగ్గరికి వంగి చూశాడు. తెల్ల చొక్కా చెయ్యి డాంబరుకు అంటుకుంది. లాగితే తీగలా సాగింది. ఆయన మొహం చూసి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. గోటితో గీకుతుంటే అద్దం బిళ్ళ ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

అప్పుడే వాగు దిక్కు నుంచి తండా పిల్లలు రొప్పుతూ వచ్చారు. ముందు నా దోస్తు. "గంట నడిచి రాలే సార్ గియ్యాల," అంటున్నది పాపం. సార్ అద్దం పైకెత్తి పట్టుకున్నాడు. అందరి కళ్ళూ దాని మీద పడ్డాయి. అట్లాంటి అద్దం ఎవరి ఇంట్లో ఉంటుందో చెప్పనక్కర్లేదు.

"నేను సార్!" అన్నాను. "డాంబరు నేను తెచ్చిన. ఉపాయం నాదే. గంట పడకుండ ఉంటదని కట్టు కట్టినం. బొక్కెనకు కట్టినట్టు."

సార్ నన్ను చూశాడు, దాన్ని చూశాడు, చాచా వైపు తిరిగాడు.

"వీళ్ళు పసివాళ్ళు, తెలీక చేశారు. మరి నీ సంగతేవిటయ్యా? కొట్టానని తలూపావు. మోగట్లేదని తెలియలేదూ? పనిమీద ఇంత ధ్యాస లేకపోతే ఎలా? ఇంక సెలవుల దాకా ఎందుకు, రేపట్నుంచే రావద్దు."

చాచా నవ్వుతూ తలూపాడు. ఆ తలూపడం చూసి నాలో ఏదో తెగిపోయింది.

"చాచాకు చెవులు ఇనవడయ్ సార్!" అని అరిచేశాను.

దోస్తు నా కాలు గట్టిగా తొక్కింది. అప్పటికే నోరు జారిపోయింది. ఒట్టు, బెల్లం, అన్నీ పోయాయి. చాచా నా పెదవులే చూస్తున్నాడు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను చాలా తప్పులు చేశాను గానీ, నేల నోరు తెరిస్తే బాగుండునని అంతగా అనుకున్నది మళ్ళీ లేదు.

చాచా రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఔ సార్. ఇనవడయ్," అన్నాడు. "గని అది సచ్చిందని అందరికన్న ముంగట జెప్పింది నేనే. ఈ పొల్లనడుగుండ్రి."

"అవును సార్! చెయ్యి పెట్టి చెప్పిండు," అన్నాను ఏడుస్తూ.

"చెయ్యి పెట్టా?" అన్నాడు సార్. కోపం గొంతులో ఇంకా ఉంది గానీ, కనుబొమలు పైకి లేచాయి.

చాచా ముందుకొచ్చాడు. సార్ రెండు చేతులూ పట్టుకుని ఆయన చెవుల మీద పెట్టించాడు. కడ్డీ కొసను రుమాలుతో తుడిచి సార్ నోటి ముందు పట్టాడు. హెడ్మాస్టరు కడ్డీ కొరుకుతాడా అని బడి మొత్తం ఊపిరి బిగబట్టింది. కొరికాడు! రెండో కొసను కట్టు లేని చోట ఆనించి చాచా పట్టాను తట్టాడు. సార్ కళ్ళు ఇంతింతయ్యాయి. ఆ చచ్చిన గంట కూడా కడ్డీ గుండా ఎంతో కొంత పలికి ఉండాలి. ఆయన కడ్డీ తీయకుండానే ఇంకోసారి కొట్టమని చేత్తో సైగ చేశాడు.

తర్వాత పాఠం గదిలో జరగలేదు. సార్ మమ్మల్నందరినీ లైన్లో నిలబెట్టాడు.

"మీరు రోజూ ప్రార్థనలో చేసే వెధవపని నాకు తెలీదనుకున్నారా? ఇవాళ నేనే చెయ్యమంటున్నాను. తొయ్యండి!"

వెనకవాడు తోశాడు. తోపు లైనంతా పాకి ముందున్న చిన్నపిల్లను సార్ మీద పడేసింది.

"చూశారా? ఎవడూ ఉన్న చోటు వదల్లేదు. తోపు మాత్రం ఇటు చివర్నించి అటు చివరికి వెళ్ళింది. శబ్దమంటే ఇదే. గంట వణికితే పక్కనున్న గాలిని తోస్తుంది, ఆ గాలి దాని పక్క గాలిని. గాలి మీ తండాకు రాదు, తోపు వస్తుంది."

"అయిదు లెక్కవెడితే వస్తది సార్," అన్నది నా దోస్తు.

సార్ దాని వైపు తిరిగాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవ్వలు చెప్పలే. కండ్లతోని చూసిన. చెయ్యి దిగినంక అయిదు. వాగు కాడ మూడు. గేటు కాడ ఏం లేదు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే లెక్క వేశాడు. అయిదు సెకన్లకు శబ్దం దాదాపు మైలు పోతుందట. తండాకు మైలు దూరమేనా అని పెద్దపిల్లలను అడిగాడు. అర్ధ కోసు అంటే మైలే కదా సార్ అన్నారు వాళ్ళు.

"టేపు లేకుండా దూరం కొలిచేశావే పిల్లా!" అన్నాడు. అది ఆ తర్వాత నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అంత గొప్పదయిపోయింది.

"మరి డాంబరు ఏం జేసింది సార్?" అని అడిగాను నేను.

సార్ లైను మధ్యలో ముగ్గురు పిల్లలను ఒకే గొంగడిలో చుట్టి కూర్చోబెట్టాడు. మళ్ళీ తొయ్యమన్నాడు. తోపు గొంగడి దాకా వచ్చి అక్కడే మెత్తగా పడి పోయింది. అవతలివాళ్ళు కదలను కూడా లేదు. చాచా మా అందరి మొహాలూ చూస్తూ పడీపడీ నవ్వాడు. ఒక్క మాట వినకుండానే ఆయనకు ఆ పాఠం మాకంటే ముందు అర్థమైంది.

ఇక కత్తులు, పెంకులు, కిరసనాయిలు తెచ్చి అందరం గీకడం మొదలుపెట్టాం. సార్ ఊడిపోయిన బొత్తాంతో, నల్లని చేతులతో మాతోపాటే గీకాడు. ఓ గంటకు పట్టా బయటపడింది. సార్ కొట్టి చూశాడు. టంగ్! మేం చప్పట్లు కొట్టాం.

చాచా చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు. "ఇంక ఉన్నది."

"బాగానే మోగుతోందిగా," అన్నాడు సార్.

"లేదు సార్. వణుకు నడుమల తెగుతున్నది."

పట్టా తిప్పి చూస్తే, వెనక మడత సందులో జానెడు గుడ్డ పీలిక డాంబరుతో అతుక్కుని ఉంది. దాన్ని పీకి మళ్ళీ కొట్టాడు. టంగ్... మ్ మ్ మ్ అని చాలాసేపు నిలిచింది. అంతసేపూ చాచా అరచెయ్యి పట్టాకు ఆనీ ఆననట్టు ఉంచి, వణుకు సన్నబడ్డాక తీశాడు. "అయింది," అన్నాడు. సార్ ఆయన చేతిని చూస్తూ నిలబడ్డాడు. సార్ రెండు చెవులకూ అందనిది ఆ చెయ్యి పట్టేసింది మరి.

"చాచా," అన్నాడు సార్. అప్పటిదాకా 'ఏవయ్యా' అన్న మనిషి. చాచాకు కనబడేలా ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ అన్నాడు. "కమ్మరిని పిలిపించి రెండో కొసకు కొత్త చిల్లు వేయిద్దాం. తలకిందులుగా కడదాం. గంట నువ్వే కొట్టు."

తర్వాత కరెంటు గంట కూడా వచ్చింది. కరెంటు దయ కలిగినప్పుడు అది గురగురమనేది. తండా దాకా నడిచిపోయింది మాత్రం ఎప్పుడూ పట్టా గంటే. నేను ఆ బడి వదిలి పైచదువుకు పోయేదాకా దాన్ని చాచాయే కొట్టాడు.

డాంబరు గీకిన రోజు సాయంత్రం నేను ఆయన పొయ్యి దగ్గరికి పోయి తల వంచుకుని నిలబడ్డాను. ఒట్టు తప్పాను, తిట్టమన్నాను. చాచా నా గడ్డం పట్టి మొహం పైకెత్తాడు. పెదవులు కనబడాలి కదా.

"మంచిదే అయింది బేటీ," అన్నాడు. "ఇన్నేండ్లు ఇనవడ్డట్టు తలకాయ ఊపి ఊపి మెడ నొస్తుండె."

గిన్నెలోంచి ఇంత ఖిచిడీ తీసి, ఖట్టా పోసి, నా చేతిలో పెట్టాడు. అంత పుల్లని, అంత కమ్మని ముద్ద నేను మళ్ళీ తినలేదు.

డాక్టరమ్మ కడ్డీని పెట్టెలో పెట్టి నాకు ఎదురుగా కూర్చుంది. "లోపలి నరం మంచిగనే ఉన్నదమ్మమ్మా. సప్పుడు లోపలికి పోయే తొవ్వలనే అడ్డం ఉన్నది. మిషన్ పెట్టుకుంటే బాగ ఇనవడుతది," అని నెమ్మదిగా చెప్పింది.

"తొవ్వల డాంబరు పడ్డట్టుంది," అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు, నవ్వి ఊరుకుంది.

బయట బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నా మెడ నిజంగానే నొస్తున్నది. ఫోన్ తీసి, కొంచెం మేలుగా ఉన్న ఎడమ చెవికి ఆనించి, బిడ్డకు చేశాను.

"బిడ్డా, నాకు చెవులు ఇనవడుత లేవు. రెండేండ్లాయె. గట్టిగ మాట్లాడు," అన్నాను ఒక్క ఊపిరిన. అవతల అదేదో అన్నది, నాకందలేదు. భయమేసి, మాట మార్చబోయాను. "పొద్దుగాల గేటు కాడ ఏమో తెమ్మన్నవు గద, ఏందది? ఇప్పుడు చెప్పు, తెస్త."

ఈసారి అది అరిచింది. దవాఖాన వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేటంత గట్టిగా అరిచింది.

"ఏం తెమ్మనలేదమ్మా! చెవుల డాక్టరు దగ్గరికేనా, నేను గూడ రావాల్నా అని అడిగిన! నువ్వు తలకాయ ఊపినవు. నేను గూడ ఆటో దిగి గీ దవాఖాన గేటు కాడ్నే ఉన్న, ఏ రూముల ఉన్నవు?"